పడదు అన్న మాట

కోసిగి దగ్గర మా నాన్నవాళ్ళ ఊళ్ళో ఎవరికీ ఏదీ పడకపోవడం అంటూ ఉండేది కాదు. వాన మొహం చాటేసిన ఏడు సగం ఊరు సుగ్గికని, అంటే వలస పనులకు, బయలుదేరేది, కొందరు గుంటూరు వైపు మిరపకోతలకు, కొందరు బెంగుళూరులో మేస్త్రీల కింద పనికి. అట్లాంటి చోట నాకిది పడదని కంచం పక్కకు జరిపిన పిల్లకు ఆ పూట ఇంకో కంచం రాదు. అందుకేనేమో, ఆ మాటను నేనెప్పుడూ చాలా తేలిగ్గా వాడేదాన్ని. కొత్త చెప్పులు నాకు పడవు. ఆఫీసులో గుమాస్తాకూ నాకూ పడదు. బస్సులో డీజిల్ వాసన పడదు. బద్వేలులో ఒక ఇంటి గడప తొక్కేదాకా, ఆ ఒక్క మాటతో ఒక మనిషిని చావు అంచుదాకా తీసుకుపోవచ్చని నాకు తెలియదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. కర్నూలులో ఒక చిన్న పరిశోధన బృందంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. బస్సెక్కి ఊళ్ళు తిరిగి రక్తం తీసుకురావడం, తెచ్చిన రక్తాన్ని పరీక్షించడం నా పని. మాకు పెద్ద ఒక డాక్టరమ్మ. పరిశోధనలోకి రాకముందు ఆమె మత్తు డాక్టరు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఒక అంగడాయనకు హెర్నియా ఆపరేషన్ అయ్యాక ఆయన ఊపిరి తీసుకోలేదట. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రబ్బరు సంచీ చేత్తో నొక్కుతూ ఆమే ఆయనకు ఊపిరి అందించిందట. ఆయన బతికాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు తన చేతులు అన్నం కలుపుకోవడానికి కూడా పనికి రాలేదని ఆమె నవ్వుతూ చెప్పేది.

దానికి కారణం ఒక సూది. ఆపరేషనుకు ముందు గొంతులో గొట్టం దించడానికి వీలుగా ఒంట్లో కండరాలన్నిటినీ సడలించే మందు అది. మామూలు మనుషుల రక్తంలో ఉండే ఒక ఎంజైము ఆ మందును కాసేపట్లోనే విరిచేస్తుంది. కొందరిలో ఆ ఎంజైము పుట్టుకతోనే ఉండదు. దానివల్ల వాళ్ళకు ఏ జబ్బూ రాదు, ఆ సంగతే తెలియకుండా నిండు నూరేళ్ళూ బతికేస్తారు. ఆ ఒక్క సూది పొడిస్తే మాత్రం గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు. ఊపిరి మెషిన్ ఉన్నచోటైతే మనిషి మెల్లగా తేరుకుంటాడు, లేని చోట పోతాడు. తరతరాలుగా తమలో తామే ఇచ్చిపుచ్చుకునే వైశ్యుల ఇళ్ళల్లో ఇది కాస్త ఎక్కువని మా వైపు మత్తు డాక్టర్లకు అనుభవం మీద తెలుసు. అందుకని బల్ల మీదికి ఎక్కించేముందు మీరెవరమ్మా అని కులం అడిగేవాళ్ళు. ఆపరేషనుకు కులమెందుకని మొహం మాడ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, చెప్పకుండా దాచినవాళ్ళూ ఉన్నారు. కులం అడిగే పని లేకుండా, ఎవరికి ఎంజైము ఉందో ఎవరికి లేదో రక్తంలోనే చూసి తేల్చాలన్నది మా డాక్టరమ్మ పంతం.

అట్లా నేను బద్వేలుకు పోయాను. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా, ఒళ్ళో ఐసు పెట్టెతో. బజారు వీధిలో పసుపు వ్యాపారం చేసే ఒకాయన ఇల్లు. ముందు అంగడి, వెనక ఇల్లు. ఆయన భార్యను మొదటి రోజు నుంచే అక్కా అని పిలిచాను. నలభై దాటిన మనిషి, మాటలో పదును, నవ్వితే ఇల్లంతా వినిపించేది. రక్తం తీస్తానంటే మిగతావాళ్ళు వెనక్కి తగ్గారు గానీ ఆమె మాత్రం గాజులు పైకి తోసి చెయ్యి చాపింది. కర్నూలు నుంచి ఇంత దూరం నా రగతం కోసరం వచ్చినావంటే అదేదో శానా విలువైందే అయ్యుండాల అని నన్ను ఆటపట్టించింది.

ఆ మధ్యాహ్నం అక్కడే తిన్నాను. మాటల్లో తెలిసింది, ఆ ఇంట్లో వంకాయ వండరు. అత్తగారికి పడదు. ఆమెకు పడదు కాబట్టి కొడుకులు తినరు, కొడుకులు తినరు కాబట్టి కోడళ్ళు మానేశారు, మనవళ్ళకు ఆ కూర రుచే తెలియదు. పడదని మొదట ఎవరు చెప్పారో, తిన్నప్పుడు ఏం జరిగిందో ఎవరికీ గుర్తులేదు. ఒకసారి పడదన్నాక మళ్ళీ తిని చూడడం ఆ ఇంటి పద్ధతి కాదు. నాకు నవ్వొచ్చింది. ఒకరికి పడకపోతే అందరికీ ఎట్ల పడకుండా పోతుందక్కా అని అడిగాను.

“ఒక రగతమే గదా మే,” అంది ఆమె, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆమెదీ భర్తదీ మేనరికం. అత్త అంటే మేనత్తే. కాబట్టి ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

సంతకం పెట్టే కాగితంలో ఒక వాక్యం ఉండేది, ఫలితాలు విడిగా ఎవరికీ తెలియజేయబడవు అని. దాన్ని నేను చదవాల్సినంత నిదానంగా చదవలేదు. నిదానంగా చదివితే సగంమంది లేచిపోతారని అనుభవం. ఆమె విన్నది, సంతకం పెట్టింది, కలం నా చేతికిస్తూ అడిగింది.

“అదంతా సరేగానీ, నా రగతంలో ఏమన్నా ఉంటే చెప్తావు గదా మే?”

“చెప్పకుండా ఎట్ల ఉంటానక్కా,” అన్నాను.

ఆ మాట పట్టుకుని ఆమె కూతురితో సహా చుట్టాలందరినీ పిలిపించింది. తోడికోడళ్ళు, అన్నదమ్ముల పిల్లలు, మైదుకూరులో కిరాణా అంగడి పెట్టుకున్న మరిది. ఆ మరిది లావాటి మనిషి, సూది చూసి కళ్ళు మూసుకుని దేవుళ్ళను పిలిచాడు. అయినా ఇచ్చాడు. వదిన మాటంటే అంత గురి. ఒక్క ఇంటి నుంచి అన్ని శాంపిళ్ళు తెచ్చినందుకు కర్నూలులో డాక్టరమ్మ నన్ను మెచ్చుకుంది కూడా.

పరీక్ష చూడ్డానికి చాలా మామూలుగా ఉండేది. గొట్టంలో రక్తపు రసం వేసి, దాంట్లో రెండు మందులు కలిపితే, ఎంజైము ఉన్నవాళ్ళది పసుపు రంగు తిరుగుతుంది. ఎంజైము ఎంత ఎక్కువుంటే అంత పచ్చన. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. అయితే ఆ అంకెలు అతికించింది నేనే కదా, ఏది ఎవరిదో నాకు తెలియకుండా ఎట్లా పోతుంది. ఆ ఇంటి గొట్టాలన్నీ ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. కొన్ని లేతగా, కొన్ని బాగా. అక్కది మాత్రం నీళ్ళలాగే ఉండిపోయింది. పసుపు అమ్ముకునే ఇంట్లో ఆమె ఒక్కదానికే పసుపు తిరగలేదని నాలో నేనే ఒక చిన్న జోకు వేసుకున్నాను. తర్వాత చాలాసేపు ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ దగ్గరికి పోయి ఇప్పుడే చెప్పేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అంతకుముందు ఒకాయన విషయంలో మేం తొందరపడ్డాం. నీ రక్తంలో ఫలానాది లేదని చెప్పి వచ్చాక తేలింది, ఆ రోజు దారిలో ఐసు కరిగి పెట్టె వేడెక్కి ఎంజైము చచ్చిపోయిందని. మేం తిరిగి పోయేసరికి ఆయన ఎట్లాగూ పోతాననుకుని కొడుకులకు ఆస్తి పంపకాలు చేసి కూర్చున్నాడు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. మళ్ళీ ఒకసారి రక్తం తీసి చూడాలి. హైదరాబాదు నుంచి జన్యు పరీక్ష ఫలితం రావాలి. ఆపైన ఇట్లాంటివి మనుషులకు చెప్పవచ్చా లేదా అని చూసే కమిటీ ఒకటుంది, అది ఒప్పుకోవాలి. అప్పుడు ఇంటికి పోయి, తీరిగ్గా కూర్చుని, ఏది కూడదో ఏది ఫరవాలేదో రెండూ చెప్పి, చేతికో కార్డు ఇవ్వాలి.

“మనకు సగం తెలిస్తే సగమే చెప్తాం,” అంది డాక్టరమ్మ. “మిగతా సగం వాళ్ళకు తోచినట్టు వాళ్ళు నింపుకుంటారు.”

నాకు ఒళ్ళు మండింది. కాగితాల మీద బతికేవాళ్ళకు మనుషుల సంగతి ఏం తెలుస్తుందని మనసులో అనుకున్నాను. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక మనిషికి చేత్తో ఊపిరి పోసిన ఆమెను పట్టుకుని అట్లా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆషాఢంలో రెండోసారి రక్తానికి పోయాను. మళ్ళీ ఎందుకని అక్క అడుగుతుందని తెలుసు. మొన్నటిది బస్సులో ఒలికిపోయిందని అబద్ధం చెప్పాను. కడప రగతం మోసే శక్తి మీ కర్నూలోళ్ళకు యాడుందిలే అని నవ్వి చెయ్యి చాపింది. ఈసారి గాజులు తోసుకోవాల్సిన పని లేకపోయింది, వాటంతటవే మోచేతిదాకా జారాయి. చిక్కిపోయింది. అన్నం వడ్డిస్తూ, ఊరికే చెప్పినట్టు చెప్పింది. నెల నెలా రక్తం ఆగకుండా పోతోందట. డాక్టరు గర్భసంచి తీసెయ్యాలన్నాడట. దసరా పోయాక దగ్గర్లో ఒక చిన్న నర్సింగ్ హోములో చేయించుకుంటుందట.

చిన్న నర్సింగ్ హోమంటే ఊపిరి మెషిన్ ఉండదు. ఆ సూదే పొడిస్తే? అక్కడి డాక్టరు కులం అడుగుతాడో అడగడో. ఆమె చారు పోస్తూ ఉంది, నేను వద్దనడం మరిచిపోయాను, విస్తరి దాటి పోయింది. మంచినీళ్ళు తాగాను, చేతులు కడుక్కున్నాను, పెట్టె భుజాన వేసుకుని బస్టాండు దాకా పోయాను. చెప్పలేదు. మైదుకూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ దించి, వెనక్కి పరుగెత్తాను.

ఆమె అంగడి ముందే ఉంది. హమాలీలు లారీలోంచి పసుపు బస్తాలు దించుతున్నారు, భర్త లారీ వాడితో వాదిస్తున్నాడు, గాలంతా పసుపు దుమ్ము. ఆమెను పక్కకు లాగాను.

“అక్కా, నేను చెప్పినానని ఎవరికీ చెప్పద్దు. నీకు మత్తు పడదు. డాక్టరుకు ఈ మాట మొదలే చెప్పు.”

“మత్తు పడదా?”

“పడదు.”

అంతే చెప్పాను. ఏ మత్తు, ఏ సూది, ఏది ఇవ్వకూడదు, ఏది ఇచ్చినా ఫరవాలేదు, ఏదీ చెప్పలేదు. గర్భసంచి ఆపరేషను నడుముకు సూది వేసి కూడా చేస్తారని, దానికీ ఆమె రక్తానికీ ఏ పేచీ లేదని నాకు బాగా తెలుసు. నాకు బస్సు పోతుందన్న తొందర. డాక్టరుకు చెప్తే ఆయన చూసుకుంటాడులే అన్న ధీమా. బస్సులో కూర్చున్నాక, నిజం చెప్పాలంటే, నాకు చాలా గర్వంగా అనిపించింది. ఒక ప్రాణం కాపాడాననుకున్నాను. దారిలో ఆళ్ళగడ్డలో దిగి మిరపకాయ బజ్జీలు కూడా తిన్నాను.

ఆ గర్వం చాలా నెలలు నడిచింది. రెండో శాంపిలు కూడా నీళ్ళలాగే ఉండిపోయింది, చూశారా అనుకున్నాను. హైదరాబాదు ఫలితం ఆలస్యమైంది. కమిటీ ఒకసారి వాయిదా పడింది, ఒకసారి ఏవో ప్రశ్నలు వేసింది. డాక్టరమ్మ ఆందోళన పడుతూ ఉండేది, బద్వేలు ఆమెకు ఈలోపు ఏదైనా అవసరం వస్తే ఎట్లా అని. నేను ఏమీ ఎరగనట్టు తల ఊపేదాన్ని. దసరా పోయాక ఒకసారి అంగడికి ఫోన్ చేద్దామనుకున్నాను, ఆపరేషన్ అయ్యిందా అక్కా అని. చేస్తే నేను చెప్పిన సంగతి ఎట్లాగో డాక్టరమ్మ చెవిన పడుతుంది, ఉద్యోగం పోతుంది. ఊరుకున్నాను. నేను ఆమెకు చెప్పడానికి పరుగెత్తిన దానికంటే, ఆ తర్వాత నా కోసం నేను ఊరుకున్నదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

శివరాత్రి దాటాక అన్నీ కుదిరాయి. కార్డులు అచ్చయ్యాయి. ఫలానా పేరుగల సూది మాత్రం ఇవ్వరాదు, మిగతా మత్తు ఏదైనా ఇవ్వవచ్చు అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. డాక్టరమ్మా నేనూ జీపులో బద్వేలు పోయాం. మైదుకూరు నుంచి మరిది కూడా వచ్చి ఉన్నాడు. గుమ్మంలోనే ఎదురొచ్చి నోరంతా తెరిచి నవ్వాడు. కింది వరసలో ఒక దవడపన్ను లేదు. పుచ్చి చాలా బాధపెట్టిందట. పండ్ల డాక్టరు మొద్దుబారడానికి సూది వేస్తానంటే వద్దే వద్దని అట్లాగే పీకించుకున్నాడట. ఇద్దరు పట్టుకున్నారట. ఆ కథను ఆయన ఎంతో గొప్పగా చెప్పుకున్నాడు.

“మా ఇంట్లో మత్తు పడదు గదమ్మా,” అన్నాడు డాక్టరమ్మతో.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

అక్క లోపలి గదిలో మంచం మీద ఉంది. మొహం పాలిపోయి, పెదాలకూ చెంపలకూ తేడా లేకుండా ఉంది. లేవబోయి ఆయాసంతో మళ్ళీ ఒరిగింది. ఆపరేషన్ చేయించుకోలేదు. ఆ చిన్న నర్సింగ్ హోము డాక్టరు చెప్పాడట, కడప డాక్టరు చెప్పాడట, నెత్తీ నోరూ కొట్టుకున్నారట. ఆమె వినలేదు. ఆకుల మందులు తాగింది, మంత్రాలయం పోయి మొక్కుకుని వచ్చింది. రక్తం పోతూనే ఉంది.

“మత్తు లేకుండా కోస్తారా అని అడిగినా. అట్ల కోసేది లేదన్నారు. ఇంగ ఎందుకు పోవాల?” అంది, ఆయాసం తీర్చుకుంటూ. “నువ్వు పనిగట్టుకోని బస్సు దిగి వచ్చి చెప్తివి. ఆ మాట నేను మీరలేదు మే.”

ఆమె నా మాట నిలబెట్టినందుకు నేను మెచ్చుకుంటానని చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

డాక్టరమ్మ ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసింది. లోపల ఎరుపు అన్నదే లేదు. అక్కడే మంచం పట్టె మీద కూర్చుని, కార్డు చేతిలో పెట్టి, ఎంతో ఓపికగా చెప్పింది. ఇవ్వకూడనిది ఒక్క సూదే, నడుముకు వేసే మత్తు నిక్షేపంగా ఇవ్వవచ్చు, ఇవాళే కడపకు పోదాం అని. అందరూ విన్నారు. విని, నా మొహం వైపు చూశారు. ఎప్పుడూ గొంతు పెంచని ఆ భర్త మర్యాదగానే అన్నాడు, ఈ పాప పడదని చెప్పింది గదమ్మా అని. కర్నూలు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు మాట, అచ్చేసిన కార్డు, రెండూ కలిసినా నేను లారీ పక్కన నిలబడి ఊదిన ఒక్క మాటకు తూగలేదు.

అప్పుడు నేను నోరు తెరవక తప్పలేదు. నేను ఆ రోజు తొందరలో సగమే చెప్పానని ఒప్పుకోవాలనే మొదలుపెట్టాను. ఆమె కళ్ళు చూసేసరికి మాట మార్చాను. అప్పటికి చిన్న పరీక్షే అయ్యింది, ఇప్పుడు హైదరాబాదు నుంచి పెద్ద పరీక్ష వచ్చింది, దాంట్లో ఒక్క సూదే కూడదని తేలింది అన్నాను. పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు. డాక్టరమ్మ నన్ను ఖండించలేదు. ఆమెకు కావలసింది అక్క జీపు ఎక్కడం.

సిద్ధవటం మీదుగా పోయాం. పెన్నలో ఇసుకే ఉంది. దారి పొడుగునా అక్క తల నా భుజం మీదే. కడపలో ఊపిరి మెషిన్ ఉన్న ఒక ఆసుపత్రిలో చేర్చాం. రక్తం ఎక్కించారు. గుండె అలిసిపోయి ఉంది, ఇంత ఆలస్యం చేసి ఉండకూడదు, ఏదైనా జరగొచ్చు అని అక్కడి డాక్టరు అన్నాడు. ఎవరు ఆలస్యం చేశారని ఆయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

వరండాలో డాక్టరమ్మ నా పక్కన నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“చెప్పినందుకు కాదు,” అంది. “చెప్పానని నాకెందుకు చెప్పలేదు? మర్నాడే వచ్చి మిగతాది చెప్పేవాళ్ళం కదా. కమిటీ లేదు, ఏమీ లేదు.”

ఆమె నియమం పట్టుకుని ఆగిందని నేను ఆమెను మనసులో ఎన్నో అనుకున్నాను. నిజానికి ఆమె ఆ నియమాన్ని ఒక్క రోజులో పక్కన పెట్టగల మనిషి. ఆ అవకాశం ఆమెకు లేకుండా చేసింది నేను.

ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపించి, అక్క నన్ను పిలిచింది. భర్తను కాదు, పిల్లలను కాదు. నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

“నువ్వు చెప్పు మే. పడతాదా?”

సూది సంగతైతే నాకు తెలుసు. నడుముకు వేసే మత్తుతో ఆమె రక్తానికి ఏ గొడవా లేదు. కానీ ఈ నెలలన్నీ రక్తం పోయి అలిసిన గుండె తట్టుకుంటుందా అన్నది ఎవరికీ తెలియదు. ఆమె అడిగింది ఆ రెంటినీ కలిపి. సగం తెలిసినప్పుడు సగమే చెప్తాం అన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు ఆ రెండో సగం చెప్తే ఆమె స్ట్రెచర్ దిగి ఇంటికి పోతుంది, ఇంటికి పోతే చచ్చిపోతుంది.

“పడతాదక్కా,” అన్నాను.

తలుపు మూశారు. నేను బయట బెంచీ మీద కూర్చుని, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ మరిది లాగే పిలిచాను. ఆ మరిది నాకు టీ తెచ్చిచ్చాడు. నువ్వు చెప్పినావు గదమ్మా, ఏమీ కాదులే అని నాకే ధైర్యం చెప్పాడు. ఆ టీ నేను తాగలేకపోయాను.

ఆమె బతికింది. ఊపిరి సక్రమంగా తీసుకుంది, మెషిన్ అవసరమే పడలేదు. కొన్నాళ్ళకు లేచి కూర్చుంది, గంజి బాగాలేదని ఆయాను తిట్టింది. తిట్టిందని తెలిసి నేను బాత్‌రూములోకి పోయి ఏడ్చాను.

ఇంటికి పంపే ముందు రోజు గదిలో ఎవరూ లేని సమయం చూసి చెప్పేశాను. ఈసారి పూర్తిగా చెప్పాను. అక్కా, పెద్ద పరీక్షలో కొత్తగా తేలిందేమీ లేదు. ఆ రోజే నాకు తెలుసు, పడనిది ఒక్క సూదేనని. బస్సు పోతుందని సగం చెప్పి పరుగెత్తినాను. దసరాకే నువ్వు ఆపరేషన్ చేయించుకుని ఉండొచ్చు. ఇదంతా నావల్లే.

ఆమె దుప్పటి అంచు వేళ్ళతో మడత పెడుతూ, విప్పుతూ ఉంది. తిడితే పడదామని, చెయ్యి విదిలిస్తే పోదామని కూర్చున్నాను. క్షమిస్తుందని కూడా, దాచడమెందుకు, ఎక్కడో ఆశ ఉంది.

“ఈ మాట ఇంగెవురికీ చెప్పాకు,” అంది చివరికి.

నాకు అర్థం కాలేదు.

“మా ఇంట్లో ఆ కార్డును నమ్మి గాదు మే, నిన్ను నమ్మి దాచిపెట్టుకుంటాండారు. నువ్వు ఒకసారి తప్పు చెప్పినావని తెలిస్తే ఆ కార్డు గూడా తప్పే అంటారు. నా కూతురుకు గూడా అట్లాంటి రగతమే ఉండొచ్చంట గదా? రేపు దాని కాన్పుకు ఎవురో ఆ సూదే పొడిస్తే?” దుప్పటి పైకి లాక్కుంది. “నీ బరువు దింపుకునేదానికి నా బిడ్డ మీద పెట్టాకు.”

ఆ తర్వాత ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నేను లేచి వచ్చేశాను. ఆమె నన్ను క్షమించిందో లేదో ఆమె చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు. అడగడం కూడా నా బరువు దింపుకోవడమే అవుతుంది.

కూతురి గొట్టం లేత పసుపు తిరిగింది. అంటే సగం ఉన్నట్టు, జాగ్రత్త పడితే మంచిది. ఆమెకు కార్డిచ్చాం. ఆ పిల్ల దాన్ని పసుపు కుంకుమ పెట్టుకునే భరిణెలో దాచుకుంది. మిగతావాళ్ళకు ఇంటింటికీ పోయి విడివిడిగా, తీరిగ్గా చెప్పాం. ఆ పని డాక్టరమ్మ నాకే అప్పగించింది. అది శిక్షో నమ్మకమో నేను తేల్చుకోలేకపోయాను. పడదు అన్న మాట వాడకుండా ఆ విషయం చెప్పడం నేర్చుకున్నాను. చాలా కష్టం, మన భాషలో దానికి ఆ మాటే సులువు.

మరిదికి కూడా చెప్పాను. అన్నా, నీ రక్తం మామూలే, నీకు అన్ని సూదులూ ఇవ్వొచ్చు అని. ఆయన బుద్ధిగా విన్నాడు, తల ఊపాడు. కార్డు రాలేదని కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. మరుసటి ఏడు అక్క వాళ్ళు కొత్త అంగడి తెరిచినప్పుడు నన్ను పిలిచారు. పోయాను. అక్క ఒళ్ళు చేసింది, గాజులు మళ్ళీ చేతికి బిగుతుగా ఉన్నాయి. వడ్డనలో వంకాయ లేదు. నా పక్క విస్తరి ముందు మరిది కూర్చున్నాడు. ఎడమ దవడ తిప్పి, పై వరసలో ఇంకో కొత్త సందు చూపించాడు. దాన్ని కూడా అట్లాగే పీకించుకున్నాడట.

నీకు ఫరవాలేదని చెప్పాను కదన్నా అన్నాను.

“మా వదినకు పడనిది నాకెట్ల పడతాదమ్మా,” అని నవ్వాడు. “నీ మాట పట్టుకోని ఉండబట్టే ఈ ఇంట్లో అందరం ఉండాం.”

అవతలి వరసలో నెయ్యి వడ్డిస్తున్న అక్క ఆగి నా వైపు చూసింది. నేను మంచిదన్నా అని తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. ఆయన గొట్టం నాకు బాగా గుర్తు. ఆ ఇంటి గొట్టాలన్నిట్లోకీ అదే ఎక్కువ పచ్చగా తిరిగింది.